చెరువు మీద పిల్లల ప్రాజెక్టు: థర్మాకోల్ లేకుండా చేయించాలంటే ఎట్లా?

చల్కనేల | జూన్ 20, రాత్రి 9:40

పరకాల వైపు ఒక ఊళ్లో హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలో, ప్రాజెక్టు పనికి అయిదు మార్కులుంటాయని ఇక్కడున్న టీచర్లందరికీ తెలుసు. పోయినేడు ఆ అయిదు మార్కుల కోసం మా ఎనిమిదో తరగతికి "నీటి వనరులు" అని ఇచ్చాను. ఇరవై ఆరు మందిలో ఇరవై రెండు మంది ఒకే జిరాక్స్ షాపుకు వెళ్లి ఒకే నాలుగు పేజీలు ప్రింట్ తెచ్చుకున్నారు. అట్ట మీద నయాగరా జలపాతం. ఒకడైతే పేజీ అడుగున ఉన్న వెబ్‌సైట్ పేరును కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో చేత్తో రాసుకొచ్చాడు. మిగతా నలుగురు థర్మాకోల్‌తో డ్యాం కట్టారు.

మా బడి గోడ దాటితే చెరువు కట్ట. ఆ చెరువు పేరు ఒక్కరి పేపర్లోనూ లేదు.

తప్పు పిల్లలది అనను, నేనిచ్చిన హెడ్డింగే అట్లాంటిది. ఈ ఏడు చెరువునే ఇద్దామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? నేను పుట్టి పెరిగింది సిటీలో. చెరువు గురించి నాకే సరిగ్గా తెలియదు, ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నా.

ఓరుగల్లు కోటగోడ | జూన్ 20, రాత్రి 10:15

మేడం, ముందు పిల్లల్ని రామప్పకు తీసుకెళ్లండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, ఇదంతా మీరెలాగూ చెప్తారు. గుడికి కాస్త దూరంలోనే చెరువుంది. పాకాల, లక్నవరం, ఘనపురం, రామప్ప, అన్నీ కాకతీయుల నాటివే. ఊరు, గుడి, చెరువు ఈ మూడూ కలిపి ఆలోచించారు వాళ్లు. గుడికి పోయినవాళ్లు శిల్పాలు చూసి, చెరువుకు పోయి బోటెక్కి వచ్చేస్తారు. తూము, అంటే కట్ట కింద నుంచి పొలాలకు నీళ్లు వదిలే దారి, ఎక్కడుందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

గిజిగాడు | జూన్ 20, రాత్రి 10:32

అన్నా, ఏమనుకోకు. రామప్ప టూరంటే బస్సు, పులిహోర, సెల్ఫీ. బస్సు దిగేసరికి ఎండ, గైడ్ చెప్పింది సగం వినబడదు. తెల్లారి "మేము చూసిన రామప్ప" అని మళ్లీ అదే జిరాక్స్ షాపు.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు బాలల సైన్స్ కాంగ్రెస్‌కు ప్రాజెక్టు చేసినం. మా సార్ ఒకటే రూల్ పెట్టిండు. జవాబు నెట్‌లో దొరికితే ఆ ప్రశ్న వద్దు. రెండు వారాలు ప్రశ్న కోసమే తన్నుకున్నం. చివరికి మా ఊరి మోటబావి మీదున్న ఈతచెట్లకు గిజిగాడి గూళ్లు ఏ దిక్కున ఎక్కువున్నయ్ అని పట్టుకున్నం. నలభై దాకా గూళ్లు, పొద్దున ఒకసారి, బడి విడిచినంక ఒకసారి లెక్క. ఎక్కువ భాగం తూర్పు వైపే. వానాకాలం గాలివాన పడమటి నుంచి కొడుతుంది కదా, చెట్టును అడ్డం పెట్టుకుంటున్నయ్. పిట్టకున్న తెలివి మాకు పదిహేను రోజులకు ఎక్కింది. జిల్లా స్థాయి దాటలేదు, సర్టిఫికెట్ ఎక్కడుందో తెల్వదు. ఇక్కడ నా పేరు మాత్రం అదే పెట్టుకున్నా.

ఓరుగల్లు కోటగోడ | జూన్ 20, రాత్రి 10:50

పులిహోర మాట నిజమే, ఒప్పుకుంటా.

తూముకాడి మనిషి | జూన్ 21, ఉదయం 6:05

మేడం గారికి నమస్కారం. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన వాణ్ణి. ఫోన్‌లో టైపు చేయడం ఆలస్యం, రాత్రంతా ఆలోచించి ఇప్పుడు రాస్తున్నా.

అందరూ చెరువును కట్ట మీది నుంచి చూస్తారు. అక్కడి నుంచి నీళ్లు కనబడతాయి, చెరువు కనబడదు. నీళ్లు వచ్చిన తొవ్వనే మీరూ రండి. మొదటి రోజు పిల్లల్ని చెరువు వెనక్కి తీసుకుపోండి. ఏ గుట్ట మీద పడ్డ వాన, ఏ ఒర్రె (చిన్న వాగు) వెంట వస్తుందో చూడండి. అక్కడి నుంచి శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల. తర్వాత కట్ట. తర్వాత తూములు, వాటి కింద కాలువ, ఆ నీళ్లు పారే ఆయకట్టు. చివరికి మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు బయటికి దుంకే చోటు. మత్తడి నుంచి దుంకిన నీళ్లు ఎటు పోతాయో కూడా చూడండి, చాలావరకు ఇంకో చెరువుకే పోతాయి. మన దగ్గర చెరువు చాలావరకు ఒంటరిగా ఉండదు, గొలుసుకట్టు. పై చెరువు నిండితే కింది చెరువుకు ఆశ.

ఇంకొకటి. మీ ఊళ్లో నీరటికాడు ఉండే ఉంటాడు, ఆయన లేకపోతే ఆయన కొడుకు. ఏ మడికి ఎన్ని గడియల నీళ్లు, తూము ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి అన్నది ఆయన చేతిలో ఉండేది. పంట వచ్చినప్పుడు రైతులు కల్లం దగ్గరే ఆయన వాటా ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఆయనకున్న లెక్క మా ఆఫీసు ఫైళ్లలో కూడా లేదు. చాలా సార్లు మేమే ఆయన్ని అడిగి రాసుకున్నాం.

2015లో చెరువులు బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేల పైచిలుకు చెరువులు, కుంటలు లెక్క తేలాయి. అంటే దాదాపు ప్రతి బడికీ నడిచిపోయే దూరంలో ఒకటుందన్న మాట. బస్సు ఖర్చు లేదు.

పాప నాన్న | జూన్ 21, ఉదయం 8:20

అందరూ మంచిగా చెప్తున్నరు కానీ ఒక తండ్రిగా అడుగుతున్న. మా పాప ఎనిమిదే. వానకాలంల చెరువు కాడికి పిల్లల్ని తీసుకపోతా అంటే నేను సంతకం పెట్టను. ప్రతి ఏడు పేపర్ల చూస్తలేమా, సెలవు రోజు ఈతకు పోయిన పిల్లల వార్తలు. పైగా రెండేండ్లయితే పదో తరగతి. మ్యాథ్స్ ట్యూషనుకే టైం సరిపోతలేదు. అయిదు మార్కులకు ఇంత టెన్షన్ ఎందుకు?

చల్కనేల | జూన్ 21, సాయంత్రం 5:10

అన్నా, మీ భయం నాకూ ఉంది. రాత్రి నిద్రపట్టనిది దాని గురించే.

తూముకాడి మనిషి | జూన్ 21, సాయంత్రం 6:30

ఆ నాయన చెప్పింది తీసి పారేసేది కాదు. నేను ఇంకో మాట కలుపుతా. పూడిక తీసిన చెరువుల్లో జేసీబీ తవ్విన గుంతలుంటాయి. మోకాలి లోతు అనుకుని అడుగేస్తే ఒక్కసారిగా రెండు నిలువుల లోతు. పాత చెరువులో పెరిగిన మా బోటి వాళ్లకే అంచనా దొరకదు. కాబట్టి శిఖంలో నడిచేది ఇప్పుడే, జూన్‌లోనే, నేల ఎండి ఉన్నప్పుడే. నీళ్లొచ్చాక కట్ట దిగేది లేదు. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి. మత్స్య సహకార సంఘం వాళ్లలో ఈత వచ్చిన ఇద్దరిని తాడు పట్టుకుని కూడా ఉండమనండి, అడిగితే వస్తారు. హెడ్మాస్టర్ దగ్గర కాగితం మీద అనుమతి, ఇంట్లోవాళ్ల సంతకాలు. ఇవేవీ కుదరకపోతే బడి కిటికీలో నుంచి చూస్తూ చేయండి, అది కూడా ప్రాజెక్టే.

ములుగు రోడ్డు | జూన్ 21, రాత్రి 8:45

కిటికీలో నుంచి చేయడం నిజంగానే కుదురుతుంది. నేను గురుకులంలో సైన్స్ చెప్తాను, మా పిల్లల్ని గేటు బయటికి తీసుకెళ్లాలంటే అనుమతులకే టర్ము అయిపోతుంది. అందుకే వానను పట్టుకున్నాం, అది గేటు లోపలికే వస్తుంది.

పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా, పక్కన స్కేలు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలత. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్లు. ఇదొక్కటి తెలిస్తే చాలు, పిల్లలు ఇంక ఆగరు. మా డార్మిటరీ కప్పు సుమారు 200 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల చిన్న వాన పడితే రెండు వేల లీటర్లు కప్పు మీద నుంచి మోరీలో కలిసిపోయాయి, ఆ రోజే మా హాస్టల్‌కు నీళ్ల ట్యాంకర్ వచ్చింది. పిల్లలు ట్యాంకర్ డ్రైవర్‌ను "అన్నా, ఇందులో ఎన్ని లీటర్లు?" అని అడిగారు.

తర్వాత వాళ్లే ఇంకో లెక్క వేశారు. 2023 జూలై చివరి వారం గుర్తుందా? మా జిల్లాలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ వాన మా కప్పు మీద పడితే? లక్షా ముప్పై వేల లీటర్లు, ఒక్క కప్పు మీదే. ఆ వానలకే మోరంచపల్లి ఊరు ఎట్లా మునిగిందో ఆ రోజు వరకు వాళ్లకు టీవీ వార్త. లెక్క అయ్యాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్కడి నుంచి వచ్చిన పిల్ల ఒకతి మా దగ్గరే ఉంది.

2024 డిసెంబర్ 4 పొద్దున భూకంపం వచ్చినప్పుడు కూడా ఇదే పని చేశాం. ములుగు కేంద్రంగా 5.3. ఎవరు ఎక్కడున్నారు, ఏం కదిలింది, గిన్నెలు చప్పుడయ్యాయా, గోడ పగిలిందా అని సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఊరూరా అడిగి రాసుకొచ్చారు. మ్యాపు మీద రంగులు వేస్తే ఒకే ఊళ్లో కూడా గుట్ట మీది ఇళ్లవాళ్లు చెప్పింది ఒకటి, వాగు పక్కవాళ్లు చెప్పింది ఇంకొకటి. ఎందుకో నాకు పూర్తిగా చెప్పడం రాలేదు. చెప్పడం రాలేదనే చెప్పాను.

కొత్తవాడ మగ్గం | జూన్ 22, మధ్యాహ్నం 1:00

అందరూ చెరువులున్న అదృష్టవంతులే. వరంగల్ సిటీ బడి పిల్లల సంగతేమిటి? మా బాబు బడి నాలుగంతస్తుల బిల్డింగు, గ్రౌండ్ అంటే పార్కింగ్.

గిజిగాడు | జూన్ 22, మధ్యాహ్నం 1:20

అక్కా, మీ పేరులోనే ఉంది కదా జవాబు.

ఓరుగల్లు కోటగోడ | జూన్ 22, మధ్యాహ్నం 2:05

సిటీలో ఇంకా ఎక్కువ దొరుకుతుందమ్మా. శివనగర్ మెట్లబావి ఉంది. ఎన్ని మెట్లున్నాయి, ఏ నెలలో ఎన్ని మెట్లు నీళ్లలో మునుగుతాయి అని ఏడాది పొడుగునా రాస్తే అదే భూగర్భ జలాల లెక్క. ఆజంజాహి మిల్లు 1934లో పెట్టారు, అందులో పనిచేసినవాళ్ల మనవలు ఇప్పుడు సిటీ బడుల్లోనే ఉన్నారు. సైరన్ మోతను బట్టి ఊరంతా టైం చూసుకునేదని మా నాన్న చెప్పేవాడు. ఆ సైరన్ ఎంత దూరం వినబడేదో ముసలివాళ్లను అడిగి మ్యాపు గీయవచ్చు. భద్రకాళి చెరువుంది. 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి నీళ్లు ఖాళీ చేసినప్పుడు చెరువు అడుగు బయటపడింది. అట్లాంటి అవకాశం బతుకులో ఒకసారి వస్తుంది, ఎన్ని బడుల నుంచి పిల్లలు వెళ్లి చూశారో మరి.

కొత్తవాడ మగ్గం | జూన్ 22, రాత్రి 9:15

మా ఇంట్లో జంపఖానా మగ్గం ఉంది, నాన్న నేస్తడు. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని బాబు జీకే పుస్తకంలో బట్టీ పట్టిండు. పక్క గదిలో తాత నేసేది అదే అని వాడికి తెల్వదు. నేను చెప్తే "నిజంగనా?" అన్నడు. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

అడిగితే నాన్న ఏమన్నడంటే, "వాడు బొమ్మలు గీసుకుంటడా, లెక్క రాసుకుంటడా? బొమ్మలైతే వద్దు, లెక్క రాస్కొమ్మను." అంటే నూలు ఎంతకు కొన్నం, ఎన్ని రోజులు నేసినం, ఎంతకు అమ్మినం, రోజుకు ఎంత పడింది. చార్టు మీద "మన చేనేత మన సంపద" అని రాసేకంటే అది నయం అనిపించింది. కానీ ఇంటి లెక్క బడిలో గోడకు అంటిస్తరంటే నాకు కొంచెం మనసొప్పుతలేదు.

ములుగు రోడ్డు | జూన్ 22, రాత్రి 9:40

మనసొప్పకపోతే అంటించొద్దమ్మా. లెక్క ఇంట్లోనే ఉండనీయండి, బాబు బడికి తీసుకెళ్లేది పద్ధతి మాత్రమే.

చల్కనేల | జూన్ 30, రాత్రి 9:00

మొదటి నడక అయింది. తూముకాడి సార్ చెప్పినట్టే వెనక నుంచి మొదలుపెట్టాం. ఇరవై నాలుగు మంది పిల్లలు, నేను, పీఈటీ సార్, మత్స్య సంఘం నుంచి ఇద్దరు. ఉదయం ఏడుకు వెళ్లి తొమ్మిదికల్లా బడికి.

గుంట కొలత నేర్పాం. ముప్పై మూడు అడుగుల తాడు, నాలుగు వైపులా నలుగురు పిల్లలు నిలబడితే ఒక గుంట. అట్లాంటివి నలభై అయితే ఎకరం. ఇంట్లో "రెండెకరాల పది గుంటలు" అని రోజూ వింటారు, గుంటలో ఎంతమంది నిలబడొచ్చో ఇప్పుడే చూశారు. ఒక పిల్ల గుంటలో నిలబడి "గింతేనా?" అంది. వాళ్ల నాన్న, పెదనాన్న మధ్య మూడు గుంటల పంచాయితీ నడుస్తోందట.

శిఖంలో మట్టి, పక్కన చెల్కలో మట్టి రెండు సీసాల్లో తెచ్చి నీళ్లు పోసి బాగా ఊపి పెట్టాం. చెల్క మట్టి సీసాలో ఇసుక నిమిషంలో కిందికి దిగింది, పైన పలుచని పొర. శిఖం మట్టి సీసా తెల్లారినా మసకగానే ఉంది. ఎండాకాలంలో రైతులు చెరువు మట్టిని ట్రాక్టర్లతో చేలల్లో ఎందుకు పోయించుకుంటారో నేను చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. కట్ట మీద ఒకే తూము కనబడింది. మైసమ్మ గుడి దగ్గర గొర్లు మేపే అవ్వ మాత్రం "చిన్న తూము గిక్కడుండె బిడ్డా" అని కట్ట మీది రోడ్డు కిందకు చూపించింది. దాని కింద ఎవరి పొలాలు పారేవి, ఎప్పుడు పూడ్చారు అని పిల్లలు ఊళ్లో అడిగారు. నలుగురు పెద్దమనుషులు నాలుగు సంవత్సరాలు చెప్పారు. ఒకరు అసలు అక్కడ తూమే లేదన్నారు. ఇప్పుడు పిల్లలు "ఏది రాయాలి మేడం?" అంటున్నారు.

ఓరుగల్లు కోటగోడ | జూన్ 30, రాత్రి 9:25

నాలుగూ రాయించండి! ఎవరు ఏమన్నారో వాళ్ల పక్కనే రాయాలి. తర్వాత మళ్లీ వెళ్లి ఏ సంవత్సరం అని అడగొద్దు. పల్లెలో సంవత్సరం ఎవరికీ గుర్తుండదు, దాని చుట్టూ జరిగింది గుర్తుంటుంది. అప్పటికి ఎవరి పెళ్లి అయింది, కరెంటు మోటార్లు వచ్చాయా, ఎన్టీఆర్ గెలిచిన ఏడుకు ముందా వెనకా, అది మేడారం జాతర ఉన్న ఏడా లేని ఏడా. జాతర రెండేళ్లకొకసారి కాబట్టి సగం సంవత్సరాలు అక్కడే ఎగిరిపోతాయి. 1983 ఒక వైపు, కరెంటు మోటార్ ఇంకో వైపు పెట్టుకుంటే మధ్యలో నాలుగైదేళ్లే మిగులుతాయి. శాసనాలకు తేదీ తేల్చేటప్పుడు చరిత్రకారులు చేసేది కూడా దాదాపు ఇదే.

రేగడి రైతు | జూన్ 30, రాత్రి 10:10

ఇన్ని రోజులు చదువుకుంట ఊరుకున్న. మేడం, మీరు చెప్పే చెరువు ఏదో నాకు అర్థమైంది, పేరు రాయను. మాది మీ చెరువు కింది ఊరు. మీ మత్తడి నీళ్లే మాకు. ఆ చిన్న తూము ఉన్నమాట నిజమే, దాని కింద మా మేనమామ పొలం ఉండె. ఇప్పుడక్కడ బోరు మీద పత్తి, మిర్చి. తూము పూడ్చింది బోర్లు పడ్డంకనా, తూము పూడ్చినంకనే బోర్లు వేసుకున్నరా అని అడిగించండి పిల్లలతోటి. మాకు మాకు దాని మీద ఇప్పటికీ పడదు.

గిజిగాడు | జూన్ 30, రాత్రి 10:20

మేడం, మీ ప్రశ్న దొరికింది. గూగుల్‌లో లేదు.

చల్కనేల | జూలై 19, రాత్రి 8:30

రెండు సంగతులు, ఒకటి సిగ్గుపడాల్సింది.

పిల్లల నోట్సులు దిద్దుతుంటే ఒకడు "మా తాత చిన్నగున్నప్పుడు చెరువు మూడేండ్లకోసారి మత్తడి దుంకేదట" అని రాశాడు. నేను అలవాటు కొద్దీ ఎర్ర పెన్నుతో దుంకేదట కొట్టేసి పొర్లిపోయేదట అని రాశాను. వాడు వచ్చి "మేడం, పొర్లుడంటే కట్ట మీది నుంచి పోవుడు, కట్ట తెగుతది. దుంకుడంటే మత్తడి నుంచి పోవుడు, అది మంచిది" అన్నాడు. వాడన్నదే నిజం, నేను దిద్దితే చెరువు తెగిపోయింది! ఇప్పుడు క్లాసులో మాటల పట్టిక ఒకటి మొదలైంది. ఒర్రె, శిఖం, మత్తడి, బురదమడి, తూము, దుబ్బ, చౌడు. పెద్దవాళ్లు చెప్పిన అర్థం పక్కన రాయాలి, నిఘంటువు చూడకూడదు.

రెండోది కష్టంగా ఉంది. నక్షాలో శిఖం హద్దు చూసి, నేల మీద కొలిచి, పిల్లలు మ్యాపు గీశారు. హద్దు లోపల కొత్త కట్టడాలు రెండున్నాయి. ఒక పిల్లవాడు ఎవరివో పేర్లతో సహా రాశాడు. ఆ మ్యాపు ఫోటో ఎట్లానో ఊరి వాట్సాప్ గ్రూపులోకి పోయింది. నిన్న సాయంత్రం నుంచి ఫోన్లు. "పిల్లలకు చదువు చెప్పమంటే సర్వేలు చేయిస్తున్నవా" అని. హెడ్మాస్టర్ ఆపేయమనలేదు, కానీ ఆపేస్తే బాగుండన్నట్టు చూశారు.

పాప నాన్న | జూలై 19, రాత్రి 8:50

నేను ముందే అన్నా. టెన్షన్ అని.

తూముకాడి మనిషి | జూలై 20, ఉదయం 5:50

మేడం, ముప్పై ఏళ్లు ఈ ఫోన్లు నేనూ విన్నా. పేర్లు, సర్వే నంబర్లు పిల్లల కాగితం మీద ఉండొద్దు, వెంటనే తీసేయించండి. ఆక్రమణ తేల్చడం సర్వేయర్ పని, తహశీల్దార్ పని. ఎనిమిదో తరగతి పిల్ల చేత ఆ మాట అనిపిస్తే రేపు ఆ పిల్ల తండ్రి ఊళ్లో తిరగాలి కదా.

మ్యాపు మాత్రం చింపొద్దు. దాని మీద హద్దుకు బదులు నీళ్లు గీయించండి. ఇప్పుడు నీళ్లు ఎక్కడున్నాయి, పదిహేను రోజులకొకసారి ఎక్కడిదాకా వచ్చాయి, తారీఖు వేసి గీత. చెరువు నిండిన రోజు నీళ్లు ఏ గోడను తాకితే ఆ గోడ దాకా గీత పోతుంది. అందులో ఎవరి పేరూ ఉండదు. గీతలు గీసేది కట్ట మీది నుంచే, మరిచిపోవద్దు.

నిర్వాహకుడు | జూలై 20, ఉదయం 9:00

ఊరి పేరు, వ్యక్తుల వివరాలు తెలిసేలా ఉన్న రెండు వ్యాఖ్యలు తొలగించాం. చర్చ కొనసాగించవచ్చు.

కొత్తవాడ మగ్గం | జూలై 20, మధ్యాహ్నం 12:30

మేడం ఆపకండి ప్లీజ్. మా బాబు లెక్క మూడో వారం నడుస్తున్నది. నిన్న తాతను "నీకు రోజుకు గింతే పడుతుందా?" అని అడిగిండు. నాన్న ఏమనలేదు, మగ్గం ఆపి చాయ్ తాగిండు. నేను లోపలి నుంచి విన్న. ఆ లెక్క బడికి పంపలేదు.

చల్కనేల | ఆగస్టు 3, సాయంత్రం 6:00

పేర్లు తీసేశాం. గీతలు మొదలయ్యాయి. చిన్న తూము తేదీ 1984కూ 1988కీ మధ్యకు వచ్చి ఆగింది. బోర్లు ముందా తూము ముందా అన్నది తేలలేదు. పిల్లలు రెండు వాదనలూ రెండు పేజీల్లో ఎదురెదురుగా రాశారు. రేగడి అన్నా, మీ మేనమామ ఒక పేజీలో ఉన్నారు, పేరు లేకుండా.

కాలువలో నీళ్ల వేగం కూడా చూశాం. పది మీటర్ల దూరం కొలిచి నిమ్మకాయ వదిలి సెకన్లు లెక్కపెట్టాం. పైనీళ్లు అడుగునీళ్ల కంటే వేగంగా పోతాయి కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలని ఫిజిక్స్ మేడం చెప్పారు. మ్యాథ్స్ సార్ వచ్చి కాలువ వెడల్పు, లోతు లెక్క చెప్పించారు. నాలుగు నిమ్మకాయలు ఎవరి పొలానికి చేరాయో తెలియదు.

పాప నాన్న | ఆగస్టు 3, రాత్రి 9:30

ఒకటి అడగాలె. మా బడిల గిట్ల చేస్తలేరు. మా పాప ఈ చర్చ నా ఫోన్ల చదివి బాల్కనీల డబ్బా పెట్టింది వాన కొలుస్తా అని. పొద్దున ఎనిమిదిన్నరకే ఎందుకు చూడాలె? ఏడింటికి చూస్తే తప్పా? ఎనిమిదింటికే బస్సు వస్తది.

ములుగు రోడ్డు | ఆగస్టు 3, రాత్రి 9:45

తప్పేం లేదన్నా. వాతావరణ శాఖ లెక్క ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు కాబట్టి పేపర్లో వచ్చిన అంకెతో పోల్చుకోవడానికి అట్లా. ఏడంటే రోజూ ఏడే, అంతే. డబ్బా మీద బట్టలు ఆరేసే తీగ గానీ, పైన సజ్జా గానీ లేకుండా చూడండి.

పాప నాన్న | ఆగస్టు 3, రాత్రి 9:52

సజ్జా ఉన్నది. డాబా మీద పెట్టిస్తా.

చల్కనేల | ఆగస్టు 18, ఉదయం 7:15

నిన్న సాయంత్రం 4:40కి మా చెరువు మత్తడి దుంకింది. బడి లేదు, అయినా పదిహేను మంది కట్ట మీదున్నారు, వాళ్ల ఇళ్లవాళ్లతో సహా. రిజిస్టర్లో రాసింది ఏడో తరగతి పిల్ల, ప్రాజెక్టు వాళ్ల క్లాసుది కాకపోయినా.

నీరటి తాత వచ్చాడు. ఆయనకు చదవడం రాదు. మ్యాపు చూపిస్తే వేలు పెట్టి ఒర్రె వెంట వచ్చి, తూము దగ్గర ఆగి, "మైసమ్మ గుడి గీడ గాదు, తూముకు అవుతల" అన్నాడు. పిల్లలు చూస్తే నిజమే, కట్ట మీద నిలబడి గీసినప్పుడు కుడి ఎడమ మారిపోయింది. అక్కడే రబ్బరు పెట్టి తుడిచారు. కాగితం చిరిగి వెనక నుంచి అట్ట అంటించాల్సి వచ్చింది. పై ఆఫీసు నుంచి వచ్చి చూసే వాళ్లకు ఈ చినిగిన మ్యాపు ఎట్లా చూపించాలో, దీనికి అయిదులో ఎన్ని వేయాలో, నాకింకా అర్థం కాలేదు.

గిజిగాడు | ఆగస్టు 18, ఉదయం 7:30

ఫెయిర్ కాపీ మాత్రం చేయించకండి మేడం.

రేగడి రైతు | ఆగస్టు 18, ఉదయం 8:05

నిన్న 4:40 అన్నరు కదా. తారీఖు రాసి పెట్టుకున్న. మా చెరువుకు ఇంకా మూడడుగులు కావాలె. మా ఊరి బడి సార్‌కు ఈ చర్చ చూపించిన, రిజిస్టర్ కొన్నడు.

రేగడి రైతు | ఆగస్టు 22, ఉదయం 6:20

రాత్రి 11 దాటినంక మాది దుంకింది. పిల్లలు నిద్రపోయిన్రు, నేనే రాసిన. పొద్దున సార్ వచ్చి "అంచనా" అని పక్కన రాయమన్నడు, గడియారం చూడలేదు కదా అని. రాసిన.